ఆరు షాపులకు ఒకే ఆఫర్ లిస్టు పెట్టాలా, షాపుకొకటి పెట్టాలా?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: గుంటూరులో రెండు, తెనాలి, ఒంగోలు, భీమవరం, కూకట్‌పల్లిలో ఒక్కొక్కటి, మొత్తం ఆరు సూపర్ మార్కెట్లు. పండగ వస్తే అన్నిటికీ ఒకే కరపత్రం, ఒకే ఆఫర్ లిస్టు, సరుకు సమానంగా పంపకం. రెండు షాపుల్లో రెండో రోజుకే ఆఫర్ సరుకు అయిపోతోంది, మిగతా చోట్ల పండగ వెళ్లిన నెలకు కూడా పెట్టెలు కదలడం లేదు. షాపుకొక లిస్టు పెట్టాలా? సాఫ్ట్‌వేర్ ఏదైనా కొనాలా?

నేను ముందు ఒక డిస్ట్రిబ్యూటర్ దగ్గర పనిచేశాను. తర్వాత చాలా ఏళ్లుగా రెండు రాష్ట్రాల్లోనూ షాపులున్న చైన్లకు కొనుగోళ్లు చూస్తున్నాను. కిరాణా, ఎఫ్ఎంసీజీ (సబ్బులు, బిస్కెట్ల లాంటి రోజువారీ ప్యాక్ సరుకు) వరకే నా మాట. బట్టలు, ఎలక్ట్రానిక్స్ లెక్క వేరు.

సూటిగా చెప్పాలంటే, కరపత్రం ఒకటే ఉంచండి, లిస్టు మాత్రం మూడు ముక్కలు చేయండి. మొదటి ముక్క అన్ని షాపుల్లోనూ తప్పకుండా ఉండే సరుకు. రెండోది ఒకే తీరు అమ్మకాలున్న షాపుల గుంపుకు ఇచ్చేది. మూడోది మేనేజరు తన షాపు కోసం తనే ఎంచుకునేది. మీ సైజుకు మొదటిది 25 రకాలు, రెండోది 10 నుంచి 15, మూడోది 5 చాలు. కరపత్రంలో మొదటి ముక్క మాత్రమే అచ్చు వేయండి. మిగతా రెండూ ఆ షాపు వాట్సాప్ గ్రూపులోనూ, గుమ్మం దగ్గర బోర్డు మీదా పెడితే సరిపోతుంది. షాపుకొక లిస్టు పూర్తిగా వేరుగా పెడితే ఆరు లిస్టులు, ఆరు రేట్లు, ఆరు ఇండెంట్లు (సరుకు ఆర్డర్లు) అవుతాయి. మీ కొనుగోళ్ల విభాగంలో ఇద్దరు ముగ్గురే ఉంటారు కాబట్టి రెండో పండక్కే అది కూలిపోతుంది.

కరపత్రంలో అచ్చు వేసిన సరుకు ఆరు షాపుల్లోనూ ఉండి తీరాలని ఎందుకంటున్నానంటే, కస్టమర్ కోపం ఒక్కటే కారణం కాదు. తప్పుదోవ పట్టించే ప్రకటనలపై కేంద్రం 2022 జూన్‌లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఎర వేసే ప్రకటనల గురించి విడిగా ఉంది. చెప్పిన ధరకు అమ్మగలిగేంత సరుకు ఉండాలి, సరుకు పరిమితంగా ఉంటే ఆ సంగతి ప్రకటనలోనే చెప్పాలి. భీమవరంలో ఎప్పుడూ పెట్టని బ్రాండును భీమవరం కరపత్రంలో వేసి, అడిగినవాళ్లకు 'అయిపోయిందండీ' అని చెప్పడం మంచిది కాదు. చాలామంది కింద చిన్న అక్షరాల్లో 'స్టాకు ఉన్నంతవరకే' అని వేసి చేతులు దులుపుకుంటారు. అసలు షాపుకు రానే రాని సరుకును ఆ మాట కాపాడదు.

ఇక గుంపులు ఎలా కట్టాలి? ఇక్కడే అందరూ జిల్లానో, షాపు వైశాల్యాన్నో పట్టుకుంటారు. గుంటూరు షాపులు రెండూ ఒక గుంపు, కూకట్‌పల్లి ఒంటరి అని మీరూ అనుకుంటూ ఉంటారు. బిల్లులు తీసి చూడండి. మూడు నెలల బిల్లుల్లో నేను ముందు చూసేవి కొన్నే: బియ్యం ఏ బస్తాలో పోతోంది, నూనె ఏ ప్యాకులో పోతోంది, 5, 10 రూపాయల ప్యాకెట్ల వాటా ఎంత, నెలలో ఏ తేదీల్లో అమ్మకం లేస్తోంది. 26 కేజీల బస్తాలు కదిలే షాపు కుటుంబాల షాపు. (25 కేజీల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 2022 జులై 18 నుంచి 5 శాతం జీఎస్టీ వచ్చింది, అందుకే మిల్లులు 26కి మారాయి. కొత్తగా చేరిన కొనుగోలు ఉద్యోగులు 'ఈ 26 ఏంటి సార్, తప్పు పడిందా' అని అడుగుతూనే ఉంటారు.) 5 కేజీల బ్యాగులు, అర లీటరు నూనె, కప్ నూడుల్స్ కలిసి కనిపిస్తే అది హాస్టళ్లు, అద్దె గదుల షాపు. అలా చూస్తే కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు వైపు షాపు బిల్లులు గుంటూరు బ్రాడీపేట బిల్లులకు చాలా దగ్గరగా వస్తాయి. అక్కడ కోస్తా నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు ఎక్కువ కదా. పాత గుంటూరు వైపున్న మీ రెండో షాపు మాత్రం బ్రాడీపేటకు కూతవేటు దూరంలో ఉన్నా, రంజాన్ నెలలో పూర్తిగా వేరే షాపులా నడుస్తుంది. ఖర్జూరం, సేమియా, జీడిపప్పు, పాలు, షర్బత్ సిరప్‌లు అక్కడ ముందు వరసలో ఉండాలి. అదే లిస్టు బ్రాడీపేటకు పంపితే ఖర్జూరం డబ్బాలు శ్రావణ మాసం దాకా ఉంటాయి.

గుంపు శాశ్వతం కాదు, పండగను బట్టి మారుతుంది. రంజాన్‌కు పాత గుంటూరు ఒంటరి. డిసెంబరులో కేకులు, కేకు సామాన్ల విషయంలో చర్చిలు ఎక్కువున్న పేటల దగ్గరి షాపులు ఒక గుంపు. కార్తీకంలో వత్తులు, ప్రమిదలు, దీపారాధన నూనె అందరికీ ఉంటాయి, కానీ అయ్యప్ప మాలలు ఎక్కువ వేసే పేటలో గుడ్లు, ఫ్రోజెన్ చికెన్ ఆఫర్లకు ఆ నెల చోటు ఇవ్వడం దండగ. ఆ ఫ్రీజర్‌లో పనీర్, బఠాణీ నింపుకోండి.

సంక్రాంతి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, మీ ఆరు షాపుల తేడా పూర్తిగా బయటపడేది అప్పుడే. జనవరి 10 దాటాక కూకట్‌పల్లి ఖాళీ అవుతుంది. ఆ జనమంతా భీమవరం, తెనాలి, గుంటూరు వైపే వస్తారు. మీరేమో అన్ని చోట్లా 8 నుంచి 15 వరకు ఒకే ఆఫర్ పెడుతున్నారు. విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌గేట్ దగ్గర కార్ల బారు టీవీలో చూపించే వేళకు మీ కూకట్‌పల్లి ఆఫర్ ముగిసిపోయి ఉండాలి. అక్కడ జనవరి 1 నుంచి 9 వరకు పెట్టండి. జీతాలు పడిన వారం కూడా కలిసొస్తుంది. సరుకు కూడా వేరే: ఊరికి పట్టుకెళ్లే డ్రై ఫ్రూట్స్, చాక్లెట్ డబ్బాలు, ప్రయాణంలో తినే చిప్స్, జ్యూసులు, టిష్యూలు. అరిసెల సామాను అక్కడ తక్కువ చాలు, ఎందుకంటే అరిసెలు ఊళ్లో అమ్మో అత్తయ్యో వండుతారు. తెనాలి, ఒంగోలు, గుంటూరుల్లో బెల్లం, నువ్వులు, నెయ్యి, వేయించే నూనె, బియ్యప్పిండి పండక్కి వారం పది రోజుల ముందే కదులుతాయి. కనుమ గారెల కోసం మినప్పప్పు చివరి మూడు రోజుల సరుకు. భీమవరంలో వీటితోపాటు ఇంటికొచ్చిన చుట్టాలు, పందేల జనం వల్ల వాటర్ బాటిళ్లు, కూల్‌డ్రింకులు, పేపర్ ప్లేట్లు, గ్లాసులు 13 నుంచి 16 వరకు ఆగకుండా పోతాయి. వాటికి ఆఫర్ కూడా అక్కర్లేదు, చేతికందేలా ఉంటే చాలు. నేను చూసిన ఒక చైన్‌లో ఆ నాలుగు రోజులూ భీమవరం వైపు షాపుల్లో డిటర్జెంట్ ఎండ్‌క్యాప్ (వరస చివర ఉండే డిస్‌ప్లే) తీసేసి పేపర్ ప్లేట్లు పెట్టేవారు. డిటర్జెంట్ కంపెనీ రిప్రజెంటేటివ్ గొడవ చేసేవాడు. డిస్‌ప్లే డబ్బు ఇచ్చాం కదా అని. ఆ ఒప్పందం రాసేటప్పుడే 'జనవరి 12–16 మినహా' అని రాసుకోండి.

ఆవకాయ కాలం ఇంకో మంచి ఉదాహరణ. ఇది తేదీని బట్టి నడవదు, కాయ మార్కెట్‌కు రావడాన్ని బట్టి నడుస్తుంది. ఏప్రిల్ చివర మొదలై మే అంతా సాగుతుంది, తొలకరి పడితే ఆగిపోతుంది. కోస్తా షాపుల్లో పప్పునూనె (నువ్వుల నూనె) ప్రధానం. కూకట్‌పల్లిలో పప్పునూనెతోపాటు పల్లీ నూనె కూడా ఉండాలి, తెలంగాణ ఇళ్లలో చాలామంది దానితోనే పెడతారు. పచ్చడి కారం, ఆవపిండి, మెంతులు, కల్లుప్పు, జాడీలు అన్నీ ఒకేచోట పెట్టండి. నూనె ఒక వరసలో, కారం ఇంకో వరసలో, జాడీ మేడమీద ఉంటే ఆఫర్ ఉన్నదొక్కటే కొని వెళ్లిపోతారు. వీలైతే గుమ్మం బయట కాయలు కొట్టే మనిషిని కూర్చోబెట్టండి. ఆ కత్తి చప్పుడుకు వచ్చేంత జనం 20 రూపాయల తగ్గింపుకు రారు.

ఇప్పుడు పరిమాణం సంగతి. మీ ప్రశ్నలో 'రెండో రోజుకే అయిపోయింది' అన్న మాటలోనే అసలు చిక్కు ఉంది. సరుకు అయిపోయిన షాపు అమ్మకం అంకె ఆ షాపు గిరాకీ కాదు. తెనాలిలో 120 ప్యాకెట్లు పంపితే రెండో రోజు మధ్యాహ్నానికి అయిపోయాయి అనుకోండి. ఒంగోలుకు అదే 120 పంపితే పది రోజుల్లో 110 అమ్మారు. కంప్యూటర్‌లో తెనాలి 120, ఒంగోలు 110 అని కనిపిస్తుంది. రెండూ ఇంచుమించు సమానమే అనుకుని వచ్చే ఏడూ సమానంగా పంపుతారు. నిజానికి తెనాలి ఒంగోలు కంటే ఎన్నో రెట్ల వేగంతో అమ్మింది. కాబట్టి మొత్తం అమ్మకాన్ని పక్కన పెట్టి, సరుకు షెల్ఫ్‌లో ఉన్న గంటలకు ఎంత అమ్మారో లెక్క కట్టండి. చివరి బిల్లు పడిన సమయం మీ బిల్లింగ్‌లో ఉంటుంది, అది తీసుకుంటే చాలు. అయితే మొదటి రోజు హడావుడి వేగం పది రోజులూ ఉండదు కాబట్టి, అసలు వేగం తేలేదాకా వచ్చిన అంకెలో సగం లెక్కన వేసుకోవడం నా అలవాటు.

పంపకం ఒకేసారి చేయకండి. నేను మొదటి విడతలో 60 శాతం దాకా పంపి, మిగతాది గోడౌన్‌లోనే ఉంచుతాను. మూడో రోజు ఉదయం అంకెలు చూసి రెండో లారీ. డిస్ట్రిబ్యూటర్ నేరుగా షాపుకు దించే సరుకైతే, ఇండెంట్‌ను రెండుగా విడగొట్టి, రెండో దాన్ని మూడో రోజు మీరు ఖాయం చేస్తేనే దించేలా ముందే మాట తీసుకోండి. నెలాఖరులో, ముఖ్యంగా మార్చిలో, వాళ్లు టార్గెట్ కోసం మొత్తం ఒకేసారి దించాలని చూస్తారు. స్కీమ్ బాగుందని దించుకుంటే ఆ తర్వాత టెన్షన్ మీదే. మిగిలిన సరుకు వెనక్కి తీసుకుంటారా, క్రెడిట్ నోట్ (ఆ విలువను మీ బాకీలో తగ్గించే కాగితం) ఇస్తారా, ఎన్ని రోజుల్లో ఇస్తారు అన్నది ఫోన్‌లో చెబితే చెల్లదు. మెయిల్‌లో ఉండాలి.

'ఒకచోట మిగిలితే ఇంకోచోటికి మారుస్తాం' అని చాలామంది అంటారు. ఆంధ్రలోని మీ ఐదు షాపులూ ఒకే జీఎస్టీ నంబరు మీద ఉంటే, డెలివరీ చలాన్ మీద గుంటూరు నుంచి ఒంగోలుకు మార్చుకోవచ్చు. విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు కావాలి. కూకట్‌పల్లి మాత్రం వేరే రాష్ట్రం, వేరే రిజిస్ట్రేషన్. అక్కడికి పంపడం చట్టం దృష్టిలో అంతర్రాష్ట్ర సరఫరా, ఐజీఎస్టీ వేసి ఇన్‌వాయిస్ కొట్టాలి. ఆ పన్ను అక్కడ క్రెడిట్‌గా తిరిగొస్తుంది సరే, కానీ కాగితాల పని, రవాణా కలుపుకుంటే నాలుగు పెట్టెల షాంపూ కోసం ఆ తిప్పలు పడడం కంటే అక్కడే రేటు తగ్గించి అమ్మేయడం నయం. పైగా కంపెనీలకు డిస్ట్రిబ్యూటర్ ఏరియాలుంటాయి. గుంటూరు డిస్ట్రిబ్యూటర్ సరుకు కూకట్‌పల్లిలో కనబడితే, కంపెనీ నుంచి రావాల్సిన స్కీమ్ డబ్బు క్లెయిమ్ చేసే దగ్గర పేచీ వస్తుంది. అందుకే కూకట్‌పల్లి లిస్టు ఆంధ్ర గోడౌన్ మీద ఆధారపడకుండా వేయండి.

కాంబోల విషయంలో ఒక హెచ్చరిక. వేర్వేరు పన్ను రేట్ల సరుకును ఒకే ధరకు ఒకే కిట్‌గా అమ్మితే, జీఎస్టీలో దాన్ని మిశ్రమ సరఫరాగా చూస్తారు. అప్పుడు అందులో ఎక్కువ రేటు ఉన్నదానికి పడే పన్ను కిట్ మొత్తానికీ పడుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి చాలా నిత్యావసరాలు 5 శాతానికి దిగాయి, కూల్‌డ్రింకులు మాత్రం 40 శాతంలోకి వెళ్లాయి. 5 శాతం సేమియా, డ్రై ఫ్రూట్స్ కిట్‌లో ఒక కూల్‌డ్రింకు సీసా పెట్టి ఒకే రేటు వేస్తే కథ ఎక్కడికి పోతుందో చూసుకోండి. విడివిడి ధరలతో, బిల్లులో విడివిడి లైన్లతో అమ్మి, తగ్గింపును కూడా లైనువారీగా చూపించండి. 'ఒకటి కొంటే ఒకటి ఉచితం' ఆఫర్‌ను ఒక ధరకు రెండు వస్తువులు ఇచ్చినట్టుగానే చూడాలని 2019 మార్చి 7 నాటి సర్క్యులర్ చెప్పింది. కాబట్టి దాని మీద ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును సర్దుకునే హక్కు) పోదు. ఏదీ కొనకపోయినా ఊరికే ఇచ్చే బహుమతులకు మాత్రం పోతుంది. మీ ఆడిటర్‌తో ఒకసారి కూర్చోండి, కరపత్రం ప్రెస్‌కు వెళ్లకముందే.

లిస్టు పొడవు గురించి. కొనుగోళ్ల వాళ్లు 80 రకాలు రాస్తారు, షాపులో ఎండ్‌క్యాప్‌లు నాలుగే ఉంటాయి. ఒక్కో ఎండ్‌క్యాప్‌కు మూడు రకాలకు మించి పెడితే ఏదీ కనబడదు. ముందు ఆరు షాపుల మేనేజర్లనూ ఖాళీ జాగాల ఫొటోలు పంపమనండి, తర్వాత లిస్టు రాయండి. అలాగే ఒకే అవసరానికి రెండు బ్రాండ్లకు ఒకేసారి ఆఫర్ ఇవ్వకండి. రెండు డిటర్జెంట్లు, రెండూ లీటరు లిక్విడ్, రెండిటికీ తగ్గింపు ఇస్తే, ఒకదాని అమ్మకం రెండోదానికి మారుతుంది, మీ జేబులోంచి రెండు తగ్గింపులు పోతాయి. ఒకటి కంపెనీ స్కీమ్‌దైతే రెండోది మరో పండక్కి దాచుకోండి.

చక్కెర, నూనె లాంటివి జనాన్ని రప్పించడానికి మీరు నష్టానికి పెట్టేవి. వాటికి బిల్లుకు ఇన్ని అని పరిమితి పెట్టాలి, అది కూడా షాపును బట్టి. చుట్టూ చిన్న కిరాణా కొట్లు ఎక్కువున్న చోట, డిస్ట్రిబ్యూటర్ దగ్గరకంటే మీ దగ్గరే చవకని ఆ కొట్లవాళ్లే వచ్చి పట్టుకుపోతారు. రెండో రోజుకే ఖాళీ అయిన మీ రెండు షాపుల్లో ఒకదాంట్లో ఇదే జరిగి ఉండొచ్చు. ఒకే ఫోన్ నంబరు మీద రోజుకు నాలుగు బిల్లులు, ప్రతి బిల్లులోనూ నూనె మాత్రమే ఉందేమో చూడండి. ఆఫర్ సరుకు ఒక్కటే ఉన్న బిల్లులు ఏ షాపులో ఎక్కువో ఆ షాపుకు పరిమితి బిగించండి.

ప్రమో ప్యాకులు మరో తలనొప్పి. '20 శాతం అదనం' అని కంపెనీ వేసిన ప్యాకుకు చాలాసార్లు బార్‌కోడ్ వేరే ఉంటుంది. ఐటమ్ మాస్టర్‌లో (బిల్లింగ్‌లోని సరుకుల జాబితాలో) అది తెరవకుండా షాపుకు పంపితే క్యాషియర్ పాత కోడ్ మీద కొడతాడు. ఒక కోడ్‌లో మైనస్ స్టాకు, ఇంకో కోడ్‌లో కదలని స్టాకు కనిపిస్తాయి. మీరు 'మిగిలిపోయింది' అనుకుంటున్న సరుకులో కొంత అసలు షాపులో లేకపోవచ్చు కూడా. పండగ ముగిసిన మర్నాడు ఆఫర్ రకాలను మాత్రం చేత్తో లెక్కించమనండి, ఒక పూట పని.

పోయిన ఏడు అంకెలతో పోల్చేటప్పుడు తేదీతో తేదీని పోల్చకండి. వరలక్ష్మీ వ్రతం 2023లో ఆగస్టు 25న వచ్చింది (ఆ ఏడాది అధిక శ్రావణం), 2024లో 16న, 2025లో 8న. నెలాఖరులో వచ్చిన పండగకూ, జీతాల వారంలో వచ్చిన పండగకూ బుట్ట ఒకేలా ఉండదు. మొదటిదానికి పసుపు, కుంకుమ, శనగలు, చిన్న ప్యాకుల నెయ్యి. రెండోదానికి వాటితోపాటు నెల సరుకులు కూడా అదే బిల్లులో పడతాయి. 2025లో ఉగాది మార్చి 30న, రంజాన్ పండగ 31న వచ్చాయి. ఆ వారం పాత గుంటూరు అమ్మకాన్ని మళ్లీ ఏ ఏడాదికీ ఆధారంగా తీసుకోలేరు.

మేనేజర్లకు వదిలిన ఐదు రకాల మీద మీ వాళ్లు అభ్యంతరం చెబుతారు, అయినా వదలండి. పక్క కాలనీలో గృహప్రవేశాలు జరుగుతున్నాయనో, ఎదురు కాలేజీకి పరీక్షలనో అతనికే తెలుస్తుంది. షరతు ఒక్కటే, మార్జిన్ ఇంతకంటే తగ్గకూడదని ముందే అంకె ఇవ్వాలి. ఏది ఎంచాడో, ఎందుకు ఎంచాడో ఒక్క లైను రాయించుకోండి. నాలుగు పండగలు తిరిగేసరికి ఆ లైన్లలోంచే రెండో ముక్కకు పనికొచ్చే రకాలు దొరుకుతాయి.

సాఫ్ట్‌వేర్ ఇప్పుడే వద్దు. ఆరు షాపులకు ఎక్సెల్ చాలు. అడ్డంగా షాపులు, నిలువుగా రకాలు, ప్రతి గడిలో నాలుగు అంకెలు: మొదటి విడత, రెండో విడత, అయిపోయిన తేదీ–సమయం, చివర మిగిలినది. గడి ఖాళీగా ఉంటే ఆ షాపులో ఆ రకం లేదని అర్థం, కరపత్రం ప్రూఫ్ చూసేవాళ్లకు ఆ షీటే పంపండి. మీ బిల్లింగ్ ప్రోగ్రామ్‌లో ఆఫర్‌ను షాపువారీగా ఆన్, ఆఫ్ చేసే సదుపాయం ఉందో లేదో మాత్రం ముందు కనుక్కోండి. అది లేకపోతే పైన చెప్పిన రెండో, మూడో ముక్కలు కుదరవు, అప్పుడు మార్చాల్సింది ఆ ప్రోగ్రామ్‌నే. తెనాలి, ఒంగోలు షాపుల పోయిన పండగ బిల్లుల సారాంశం, పేర్లూ ఫోన్ నంబర్లూ తీసేసి ఇక్కడ పెడితే, మొదటి విడత ఎలా పంచాలో నేను వేసి చూపిస్తాను.